జేబు మడత

గుమాస్తా అంటే మనిషి కాదు, కుక్క. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే కథ మధ్యలో ఉన్నట్టుండి ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. గోధుమరంగు ఒళ్లు, మూతి చుట్టూ నెరిసిన బొచ్చు, ఎప్పుడూ ఎవరిదో తప్పు దొరికినట్టు ముడిపడిన నుదురు. పొద్దున ఆరు కొట్టగానే బైండింగ్ షాపు మెట్లు దిగి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ప్రతి గుమ్మాన్నీ వాసన చూసుకుంటూ తనిఖీకి వచ్చినవాడిలా నడిచేవాడు. అందుకే ఆ పేరు. తనిఖీ అయ్యాక మూల మీదున్న పొట్టి గోడ పక్కన, రోజూ అదే చోట, తన పని కానిచ్చేవాడు. కానిచ్చాక దాన్ని ఎవరు ఎత్తుతారన్న బెంగ కుక్కలకి ఉండదు. ఆ బెంగ వాటిని పెంచుకునే మనుషులకి ఉండాలి. ఈ మాట వీధిలో అందరికీ తెలుసు, అందరూ పక్కింటివాళ్లకి చెబుతారు కూడా.

షాపు ఇద్దరు అక్కచెల్లెళ్లది. కింద షాపు, పైన రెండు గదుల ఇల్లు. వాళ్ల నాన్న బైండరు. కూతుళ్ల అసలు పేర్లు బడి రిజిస్టర్లలోనే ఉండిపోయాయి. అచ్చు కాగితాలు మడతపెట్టడంలో చెయ్యి తిరిగిన పెద్దదాన్ని ఆయన మడతమ్మ అనీ, ఆ మడతల్ని సూదితో కుట్టడంలో గట్టిదైన చిన్నదాన్ని కుట్టమ్మ అనీ పిలిచేవాడు. వీధి కూడా అలాగే పిలిచింది. పెళ్లి ఊసెత్తిన వాళ్లకి మడతమ్మ "ముందు ఈ రిజిస్టర్ల పని అవనీండి" అనేది. ఆ పని ఏనాడూ అవలేదు. రిజిస్టర్లు వస్తూనే ఉన్నాయి, నాన్న పోయాడు, ఇద్దరి జుట్టూ నెరిసింది. మడతమ్మకి యాభై ఎనిమిది, కుట్టమ్మకి యాభై రెండు.

పొడుగాటి బల్లకి ఆ చివర అక్క, ఈ చివర చెల్లెలు. అక్క అచ్చు కాగితాన్ని ఫారంగా మడిచి, "ఊఁ" అని ఇటు తోసేది. చెల్లెలు తలెత్తకుండానే చెయ్యి చాచి అందుకుని కుట్టేది. రోజుకి ఎన్ని వందల ఫారాలో, అన్ని వందల "ఊఁ"లు. "ఆ మూలుగుడు ఆపవే అక్కా, తల వాచిపోతోంది" అని కుట్టమ్మ ఎన్నిసార్లు విసుక్కుందో ఆమెకే తెలియదు.

గుమాస్తాని తెచ్చింది కుట్టమ్మ. ఎనిమిదేళ్ల కిందట కాగితం గోడౌన్లో అట్టపెట్టెల వెనక కుయ్యోమంటున్న పిల్లని సంచిలో వేసుకుని వచ్చింది. "ఇది నాది. దీన్ని నేనే చూసుకుంటా" అంది. చూసుకుంది కూడా, తనకి ఇష్టమైనంత మేరకు. ముద్దు చేయడం ఆమె వంతు, తిండి పెట్టడం ఆమె వంతు, వచ్చేపోయే వాళ్లకి "మావాడికి మాటలొక్కటే తక్కువ" అని చెప్పుకోవడం ఆమె వంతు. పొద్దున్నే పాడైపోయిన అచ్చు కాగితం ఒకటి పట్టుకుని వాడి వెనకాలే వెళ్లి, వంగి, ఎత్తి, పొట్లం కట్టి చెత్త డబ్బాలో వేసి రావడం మాత్రం మడతమ్మ వంతు. ఎవరూ పంచి ఇవ్వలేదు, అలా పడిపోయిందంతే. అసలు అలాంటి పని ఒకటుందని కుట్టమ్మకి తోచేదే కాదు. కుక్క బయటికి వెళ్తుంది, తేలికపడి తిరిగొస్తుంది, ఆమెకి తెలిసింది అంతే.

ఎనిమిది నెలల కిందట, ముసురు పట్టిన ఒక రోజు, గుమాస్తాకి కడుపు పాడయింది. గుమ్మం దాటే ఓపిక లేక షాపులో బల్ల కిందే కానిచ్చేశాడు.

"ఒసే, కాస్త అది తియ్యవే" అంది మడతమ్మ, చేతుల నిండా కాగితాలతో.

"సూదిలో దారం ఉందక్కా. ఈ ఒక్కటీ అవనీ" అంది కుట్టమ్మ.

ఒకటి అయింది, రెండు అయ్యాయి, నాలుగు అయ్యాయి. చివరికి లేచి వస్తున్న మడతమ్మ కాలు సరిగ్గా దాంట్లోనే పడింది. జారి, మోకాలు బల్ల కోడుకి ఠంగుమని కొట్టుకుంది. చేతిలో ఉన్న ఫారాలన్నీ వెళ్లి ఆ కంపులో పడ్డాయి.

అప్పుడు మడతమ్మకి వచ్చిన కోపం ఆ పూటది కాదు, ఎనిమిదేళ్లది. "కుక్క నీదీ, కంపు నాదీనా? నేను లేకపోతే ఈ ఇంట్లో ఇదంతా ఎవరు ఎత్తుతారే?" అని అరిచింది. చెల్లెలైనదానికి అక్కడ నోరు మూసుకుంటే ఏం పోయేది? కానీ కుట్టమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"లేకపో! నిన్ను ఉండమని ఎవరు బతిమాలారు?" అనేసింది.

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది గానీ, ఏం లాభం? మడతమ్మ కుంటుకుంటూనే ఆ కంపంతా శుభ్రంగా ఎత్తింది. నేల కడిగింది. చేతులు కడుక్కుంది. సాయంత్రానికి తన బట్టలు ఒక పెట్టెలో సర్దుకుని, కాగితం మడతని నొక్కడానికి నాన్న వాడిన ఎముక బద్ద ఒక్కటి తీసుకుని, రెండు వీధుల అవతల మందుల షాపు పైన ఒక గదిలోకి వెళ్లిపోయింది. ఆ షాపుకే మాత్రల కవర్లు మడిచి ఇస్తోందని తర్వాత ఎవరో చెప్పారు.

రెండు వీధులంటే ఎంత దూరమని? గట్టిగా కేకేస్తే వినపడేంత. ఆ కేక వేయడమే కుట్టమ్మ వల్ల కాలేదు. మొదటి నెల "వెళ్లింది తను, రావలసింది తనే" అనుకుంది. రెండో నెల "నేను మాత్రం అంత అనరాని మాట ఏమన్నానని?" అనుకుంది. మూడో నెల నుంచి ఏమీ అనుకోవడం మానేసింది. ఊరికే అక్క కావాలనిపించేది. టీ పెట్టేటప్పుడు అరలోంచి రెండు గ్లాసులు దింపి, ఒకటి మళ్లీ ఎక్కించేది. బల్ల దగ్గర కూర్చుని కుడుతుంటే, ఒక ఫారం అవగానే ఎడమచెయ్యి దానంతట అది చాచుకునేది. ఖాళీ బల్ల తగిలి వెనక్కి వచ్చేది. విని విని విసుగెత్తిన ఆ "ఊఁ" లేకుండా ఇప్పుడు సూది ముందుకు నడవనని మొరాయించేది.

మడతలు తనే పెట్టుకుంటోంది, పెట్టినవన్నీ వంకర పోతున్నాయి. "ఏమ్మా, ఈ పుస్తకం తెరిస్తే పేజీలన్నీ ఒక పక్కకి వాలిపోతున్నాయి, దీనికేమైనా ఒంట్లో బాలేదా?" అని ఒక లైబ్రరీ ఆయన నవ్వుతూనే తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆయన వెళ్లాక ఆ పుస్తకం కుట్లు విప్పుతూ కుట్టమ్మ కాసేపు ఏడ్చింది. పుస్తకం కోసం కాదు.

అలా ఉండగా వీధి సంఘం వాళ్లు ఇంటింటికీ ఒక కాగితం అంటించారు. కుక్కలు పెంచేవాళ్లు వాటి వెనక శుభ్రం చేసి తీరాలి, చేయకపోతే ఆ కుక్కని మునిసిపాలిటీ బండి ఎక్కిస్తారు. అది చదువుతూనే కుట్టమ్మ గుమాస్తాని దగ్గరికి లాక్కుంది. అక్క వెళ్లినప్పటి నుంచి గుమాస్తా వెనక ఎవరూ వెళ్లడం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆ మహాతల్లికి! ఎన్ని నెలలది, ఎంత పోగుపడి ఉంటుందో! ఆ మూల వైపు వెళ్లి చూడటానికి కూడా మొహం చెల్లలేదు.

మూడో రోజు సంఘం సెక్రటరీ షాపు మెట్లెక్కాడు. కర్ర పట్టుకుని సాయంత్రాలు వీధి కొలిచే పెద్దమనిషి. కుట్టమ్మ సూది గుచ్చిపెట్టి, రాబోయే మాటకి మాట సిద్ధం చేసుకుని నిలబడింది.

"ఏమ్మా, మీతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను" అన్నాడాయన. "వీధిలో ఎనిమిది కుక్కలున్నాయి. వాటిలో శుభ్రంగా ఉండేది మీ కుక్క వెళ్లే మూల ఒక్కటే. అందరికీ మిమ్మల్నే చూపిస్తున్నాను, ఆవిణ్ని చూసి బుద్ధి తెచ్చుకోండయ్యా అని."

ఆయన వెళ్లగానే కుట్టమ్మ గుమాస్తాని ఒళ్లోకి లాక్కుని పొట్ట నొక్కి చూసింది. "ఏరా, అసలు వెళ్తున్నావా లేదా? ఎనిమిది నెలలుగా బిగబట్టావా ఏమిటి ఖర్మ?" గుమాస్తా నుదురు ముడిచి ఆమె చెయ్యి నాకాడు.

ఆ సాయంత్రం ఆమె మూల దాకా వెళ్లింది. పొట్టి గోడ పక్కన నేల ఊడ్చినట్టుంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, చెత్త డబ్బా మూత ఎత్తింది. పైనే ఉంది పొట్లం. అరచేతి వెడల్పు, మాత్రల కవర్లకి వాడే ముదురురంగు కాగితం. జిగురు లేదు, దారం లేదు. నాలుగు మడతలు, నాలుగో మడత మూల వెళ్లి రెండో మడత జేబులో ఒదిగి కూర్చుంది. మడతల మీద బద్ద పెట్టి గీసిన మెరుపు.

దాన్ని నాన్న జేబు మడత అనేవాడు. ఆయన సొంత తయారీ. మిగిలిన దారం ముక్కలు, గుండీలు, పిల్లలకి పప్పుబిళ్లలు, ఏదైనా అందులోనే కట్టి ఇచ్చేవాడు. కింద పడేసినా, వానలో తడిసినా విచ్చుకోదు. నాన్న తర్వాత అది వచ్చింది ఒక్క మడతమ్మకే. ఆ చివరి మూలని లోపలికి దూర్చడం కుట్టమ్మకి ఎంత నేర్పినా పట్టుబడలేదు. "పోనీలే, నాకు సూది ఉందిగా" అని అక్కడ ఒక కుట్టు వేసేసేది.

ఆ డబ్బా మూత అలాగే పట్టుకుని, ఆ కంపులో, ఆమె ఎంతసేపు నిలబడిందో! కుక్క పెంట పొట్లాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. అక్క వస్తోంది. తనని వదిలేసింది గానీ తన కుక్కని వదల్లేదు. రోజూ గుమ్మం ముందు నుంచే వస్తోంది, పోతోంది.

మర్నాడు పొద్దున్నే గుమాస్తాని వదిలి, పైగది కిటికీ రెక్క వెనక నక్కి కూర్చుంది. ఆరుంపావుకి మడతమ్మ వచ్చింది. చిక్కిపోయింది. ఎడమకాలు ఈడ్చినట్టు వేస్తోంది. గుమాస్తా తనిఖీ పక్కనబెట్టి పరుగెత్తుకెళ్లి ఆమె చుట్టూ గిరగిరా తిరిగాడు. వాడి చెవిలో ఆమె ఏదో చెప్పింది. ఏం చెప్పిందో వినపడితే కుట్టమ్మ తన సూదులన్నీ ఇచ్చేసేది. తర్వాత మడతమ్మ ఒక చెయ్యి గోడ మీద ఆనించి, రెండు విడతలుగా వంగి, ఎత్తి, పొట్లం మడిచి డబ్బాలో వేసింది. షాపు బోర్డు వైపు ఒకసారి చూసింది. కిటికీ వైపు చూడలేదు. వెళ్లిపోయింది.

పరిగెత్తి వెళ్లి కాళ్లు పట్టుకోవచ్చుగా అని మీరంటారు. అనడం తేలిక. కిందికి దిగితే అక్క ముఖం తిప్పుకుని వెళ్లిపోతే? రేపటి నుంచి ఈ పాటి రావడం కూడా మానేస్తే? అదీ కుట్టమ్మ భయం. ఎత్తవలసింది తనే, ఆ సంగతి ఇప్పుడు బాగా తెలిసింది. కానీ తను ఎత్తేస్తే అక్కకి ఇటు రావలసిన పని ఉండదు. ఎత్తకపోతే అక్క ఆ మోకాలితో వంగుతుంది. ధర్మం ఏమిటో తెలిసి కూడా ఆమె కిటికీనే పట్టుకుంది. మనిషిని చూడక ఎనిమిది నెలలైన కళ్లు కదా, అవి ఏ మాటా వినలేదు.

నెలకి పైగా అలా గడిచింది. ఆరున్నరకల్లా షాపులో దిగి, అక్క ఏ బట్టల్లో వచ్చిందో, ఎలా ఉందో తలుచుకుంటూ కుట్టేది. ఒకరోజు గుమాస్తా పని కానివ్వకుండానే తిరిగొచ్చేశాడు. ఆ రోజు మడతమ్మ ఉత్త చేతులతో ఒక్క నిమిషమైనా నిలబడకుండా వెనుదిరిగింది. కుట్టమ్మకి అది చాల్లేదు. ఇక చూసుకోండి, ఆ రాత్రి నుంచి గుమాస్తాకి ఒక రొట్టె ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది. అక్క గోడ దగ్గర ఇంకాసేపు ఆగాలని! చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలిగా.

ఆ ఎక్కువ రొట్టె ఊరికే పోలేదు. ఒకరోజు గుమాస్తా గోడ పక్కన ఒకసారీ, నాలుగడుగుల అవతల దారి మధ్యలో ఇంకోసారీ కానిచ్చాడు. మడతమ్మ మొదటిదాని మీద వంగి ఉండగానే, డ్యూటీ దిగి వస్తున్న ఒక నర్సు వచ్చి రెండోదాని మీద అడుగేసింది. మూల మీది కొత్త మేడలోకి ఈమధ్యనే దిగిన అమ్మాయి. తెల్ల బూటు.

"అయ్యో! ఛీ!" ఆ అమ్మాయి గొంతు పైగది దాకా వినిపించింది. "రాత్రంతా మనుషులవి ఎత్తి ఎత్తి వస్తున్నాను. ఇంటికొస్తే ఇక్కడ కుక్కలవి తొక్కాలా? ఎవరిదండీ ఈ కుక్క?"

కుట్టమ్మ కిటికీ రెక్క ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నాదేనమ్మా" అంది మడతమ్మ.

"మీదైతే చూసుకోవద్దా? ఇంత వయసొచ్చింది, ఆమాత్రం తెలియదా? పెంచుకునే సరదా మీకు, తొక్కే రాత మాకూనా?"

"తప్పు నాదేనమ్మా. ఇంకెప్పుడూ జరగదు. ఆ కాలు ఇలా పెట్టు."

అని మడతమ్మ అక్కడే, ఆ రోడ్డు మీద, చెడ్డ మోకాలు ఆనించి కూర్చుంది. తన చేతిసంచిలోంచి మాత్రల కవర్లు నాలుగు తీసి, ముక్కూమొహం తెలియని పిల్ల బూటు తుడిచింది. ముందు అడుగు, తర్వాత అంచు, తర్వాత లేసుల దగ్గర. నర్సు "ఉండనివ్వండి, ఇక చాల్లెండి" అంటూ ఇబ్బందిగా వెళ్లిపోయాక, లేవబోయి లేవలేకపోయింది. గోడ పట్టుకుని ఒకసారి, రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి లేచింది. రెండోది కూడా ఎత్తింది. డబ్బాలో వేసింది. గుమాస్తా తల నిమిరి కుంటుకుంటూ వెళ్లింది.

కుట్టమ్మ కిటికీ కింద కూలబడిపోయింది. కిందికి దిగలేదు. దిగితే, ఇన్నాళ్లూ పైనుంచి చూస్తూ కూర్చున్నానని ఒప్పుకోవాలి. తన కుక్క, తన రొట్టె, తన నోరు. వంగింది మాత్రం అక్క. "నేనూ ఒక మనిషినేనా!" అని పైకే అనుకుని తల కొట్టుకుంది. ఆ రోజు షాపు తెరవలేదు.

మర్నాడు ఆరింటికి గుమాస్తా మెడకి తాడు కట్టి తనే తీసుకెళ్లింది. ఎక్కువ రొట్టె లేదు. చేతిలో పొట్లం ఉంది. కానీ అది జేబు మడత కాదు. రాత్రి కూర్చుని ఎన్ని కాగితాలు పాడుచేసినా ఆ చివరి మూల లోపలికి దూరనంది. దాంతో పట్టరాని చిరాకొచ్చి, మూడు పక్కలా సూదితో కుట్టేసింది. పైపక్క కుట్టడానికి సూదీ దారపు ఉండా కూడా వెంట తెచ్చుకుంది. బైండింగ్ పనిలో యాభై ఏళ్లొచ్చిన మనిషి, కుక్క పెంటకి సంచీ కుట్టింది!

మొదటిసారి వంగినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంది. రెండోసారి ఊపిరి బిగబట్టింది. "ఎనిమిదేళ్లు... ఎలా చేశావే తల్లీ!" అనుకుంది. సంచీ మూతి కుట్టి డబ్బాలో వేసి, పరిగెత్తుకొచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. మడతమ్మ వచ్చింది. గోడ పక్కన చూసింది, దారి మధ్యలో చూసింది. గుమాస్తా కోసం అటూ ఇటూ చూసింది. కాసేపు ఆగి వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆరుంపావుకి ఎవరూ రాలేదు. నాలుగో రోజూ రాలేదు.

అనుకున్నంతా అయింది. కుట్టమ్మ కిటికీ రెక్క మూసేసింది. గుమాస్తాని మళ్లీ ఊరికే వదిలేస్తే? ఆ ఆలోచన రాలేదని ఎలా చెప్పను, వచ్చింది. కానీ కళ్లు మూస్తే రోడ్డు మీద ఆనిన ఆ మోకాలే కనపడేది. ఐదో రోజు కూడా తాడు పట్టుకుని వెళ్లింది. దారిలో నర్సు ఎదురైతే ఆపింది.

"అమ్మాయ్, ఆ రోజు నువ్వు తొక్కింది నా కుక్క చేసిందమ్మా. ఆవిడది కాదు. తిట్టాలనుంటే నన్ను తిట్టు."

నర్సు తెల్లబోయింది. "మరి ఆవిడెవరండీ?"

"మా అక్క."

ఇన్ని నెలల తర్వాత ఆ రెండు మాటలు పైకి అంది. అనగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తాడు లాగుతున్న గుమాస్తాని నర్సు కాసేపు పట్టుకుని, కుట్టమ్మ వంగి పని ముగించేదాకా నిలబడి వెళ్లింది.

ఆ రోజు షాపులో కూర్చుని సూదిలో దారం ఎక్కించబోతే దారపు ఉండ లేదు. పొట్టి గోడ మీద మరిచిపోయింది. తిట్టుకుంటూ గుమాస్తాని వెంటబెట్టుకుని మూలకి బయల్దేరింది. అప్పటికి ఏడు కావస్తోంది. గుమాస్తా ఉన్నట్టుండి తాడు గుంజుకుని పరుగెత్తాడు.

చెత్త డబ్బా దగ్గర మడతమ్మ ఉంది. గోడకి జారగిలబడి, కాగితం ఒకటి గోడ మీద పరుచుకుని, కుట్టు వెంట చిరిగి సగం బయటికి వచ్చేసిన కుట్టమ్మ సంచీని అందులో పెట్టి చుడుతోంది. పక్కనే దారపు ఉండ.

కుట్టమ్మ అడుగు అక్కడే ఆగిపోయింది. మడతమ్మ తలెత్తి చూసింది. ముఖం తిప్పుకోలేదు.

"లోకంలో ఎంతోమందిని చూశాను గానీ" అంది, "కుక్క పెంటకి కుట్లు వేసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశానే."

"మూల దూరలేదక్కా..."

"దూరకపోతే? ఇంత దగ్గర దగ్గరగా పొడిస్తే కాగితం చిరగదటే? కుట్టూ కుట్టూ మధ్య వేలెడు ఎడం ఉండాలని నీకు నేను చెప్పాలా? మూడు రోజులుగా చూస్తున్నా, రోజూ పగిలిపోవడమే. చెత్త ఎత్తేవాళ్లు నిన్ను తిట్టిపోస్తారని, నువ్వు లోపలికి పోయేదాకా ఆగి వచ్చి మళ్లీ కడుతున్నా."

రోజూ వస్తోంది! అరగంట ఆలస్యంగా, రోజూ! కుట్టమ్మకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.

"మోకాలు ఎలా ఉందక్కా?"

"ఉంది."

"కిటికీలోంచి చూశాను. ఆ నర్సు తిట్టిన రోజు. అంతకుముందు నుంచి కూడా, నెలరోజులు. నువ్వు వస్తావని, నిన్ను చూడొచ్చని, కావాలనే ఎత్తలేదు. రొట్టె కూడా ఎక్కువ పెట్టాను." గబగబా అనేసింది, ఆగితే ఇంకెప్పటికీ అనలేనని. "నీకు తిట్టబుద్ధయితే తిట్టు. వినే పోతాను."

మడతమ్మ తిట్టలేదు. కాగితం మొదటి మడత వేసింది, సంచిలోంచి ఎముక బద్ద తీసి నొక్కింది. రెండో మడత వేసింది. గుమాస్తా ఇద్దరి మధ్యా కూర్చుని ఒకసారి ఈమెనీ ఒకసారి ఆమెనీ చూస్తున్నాడు.

"ఆ రోజు నేనన్న మాట..." కుట్టమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "ఉండమని ఎవరు బతిమాలారన్నాను. నేను బతిమాలుతున్నానక్కా. కుక్క నాది, కంపు నాది, రోజూ నేనే ఎత్తుతాను, బతికున్నన్నాళ్లూ ఎత్తుతాను. ఆ పని కోసం కాదు. ఊరికే ఉండు. నువ్వు ఊరికే ఉండు చాలు."

మడతమ్మ తల వంచుకుని మూడో మడత వేసింది. నాలుగోది వేసింది. మూల వంచి లోపలికి దూర్చబోతే మొదటిసారి తప్పింది. మళ్లీ దూర్చింది. ఈసారి ఒదిగింది. పొట్లం గోడ మీద పెట్టి చెల్లెలి వైపు తోసింది.

"ఊఁ."

కుట్టమ్మ ఎడమచెయ్యి దానంతట అది ముందుకొచ్చి అందుకుంది. అది పుస్తకం ఫారం కాదు, కుక్క పెంట. అయినా ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"డబ్బాలో వెయ్యవే మొద్దూ, దాచుకుంటావా?" అంది మడతమ్మ.

కుట్టమ్మ డబ్బాలో వేసి మూత పెట్టింది. మడతమ్మ గోడ మీదున్న దారపు ఉండని రెండు వేళ్లతో ఎత్తి సంచిలో పడేసుకుని, చేతులు దూరంగా పట్టుకుని చూసుకుంది.

"ఇద్దరి చేతులూ కంపు కొడుతున్నాయి. కడుక్కోవాలి పద."

"ఎక్కడక్కా?" అంది కుట్టమ్మ భయం భయంగా.

మడతమ్మ అప్పటికే ఆమె భుజం మీద మోచెయ్యి ఆనించి, చెడ్డ కాలు ముందుకేసింది.

"ఎక్కడేమిటే. మనింట్లో."